నీ పూతరేకుల కవరు, నా పడవ

రాకీ హిల్, కనెక్టికట్ (అమెరికా),
నవంబరు, ఆదివారం, తెల్లారుజాము

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. ఆగస్టులో గోదారి వరద ఫోటోలు పంపి "ఎలా ఉన్నావురా" అని అడిగావు. నేనేమో ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నా. మూడు నెలలైంది. ఫోన్ చేద్దామంటే నీకు పగలైతే నాకు రాత్రి. అయినా ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు, కాగితం మీదే చెప్పాలి. మా అత్తగారు ఇవాళ బయల్దేరుతున్నారు. ఈ కవరు ఆవిడ చేతికిచ్చి పంపిస్తున్నా, కాకినాడలో నీకు అందజేస్తారు. గమ్ము రెండుసార్లు రాశాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. చదివాక ఆవిడ ముందు నోరు జారకు.

ఇంటి కబుర్లు గబగబా: అందరం క్షేమం. పెద్దదానికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, నాకు బీపీ వచ్చింది. ఆఫీసులో మళ్లీ కొంతమందిని తీసేశారు, నన్ను వదిలేశారు. అమ్మ మోకాలి సంగతి నువ్వే వెళ్లి చూసొచ్చావట, చెప్పింది. దానికి థాంక్స్ చెబితే తంతావు కాబట్టి చెప్పను. అయిపోయాయి కబుర్లు.

ఇక అసలు సంగతి. నీ పూతరేకుల కవరు కిందటి శనివారం నన్ను కాపాడింది.

నవ్వకు. నిజంగానే. నాకు పడవ ఉందని తెలుసు కదా, ఆఫీసులో రిటైరైన పెద్దాయనతో సగం వాటా. 22 అడుగుల తెరచాప పడవ, వెనక చిన్న ఇంజను. దాని పేరు 'పేషెన్స్', అంటే ఓపిక. మీ చెల్లెమ్మ మాత్రం 'రెండో సంసారం' అంటుంది. వేసవంతా అది ఓల్డ్ సేబ్రూక్ దగ్గర, కనెక్టికట్ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. 410 మైళ్లు వచ్చిన నదిరా, అయినా దాని మూతి దగ్గర పెద్ద రేవు లేదు, పట్నం లేదు. ఇసుక మేటలు వేస్తుంది. ఇవాళ ఉన్న లోతు వచ్చే ఏడాదికి ఉండదు.

చలికాలం పడవని నీళ్లలో వదలకూడదు. నీళ్లు గడ్డకడితే ఇంజను లోపల నిలిచిన నీళ్లు ఉబ్బి లోహాన్ని పగలగొడతాయి, పైన మంచుగడ్డలు ఒళ్లంతా గీరేస్తాయి. అందుకని అక్టోబరు చివర్లో ఏటికి ఎదురెళ్లి, ఓ పన్నెండు మైళ్లు పైనున్న యార్డులో గట్టెక్కించాలి. ఏటా పెద్దాయన నడిపేవాడు, నేను పక్కన శాండ్‌విచ్‌లు అందించేవాణ్ణి. ఈసారి ఆయనకి తుంటి ఆపరేషన్. తాళం నా చేతిలో పెట్టి, "పోటు చూసుకుని బయల్దేరు, మిగతాది అదే చూసుకుంటుంది" అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాకు యానాం గుర్తొచ్చింది. మీ తాతగారింటి వెనక రేవులో కూర్చుని "పోటొచ్చింది, పాటొచ్చింది" అని కాసుకునేవాళ్లం కదా. ఇక్కడా అంతే. సేబ్రూక్ దగ్గర మూడున్నర అడుగుల పోటు. అది ఎక్కడిదాకా ఎక్కుతుందనుకున్నావు? ఎక్కడో పైనున్న హార్ట్‌ఫర్డ్ పట్నం కూడా దాటిపోతుంది! పోటుతోపాటే మనమూ బయల్దేరితే నీళ్లే సగం మోసుకుపోతాయి. తప్పామా, నిజంగా ఏటికి ఎదురీదడమే.

తోడు ఎవరు? కిట్టు. అవును, మా బావమరిదే, అత్తగారి ముద్దుల కొడుకు. బస్సులో వెనక సీటంటేనే వాడికి కడుపులో తిప్పుతుంది. అత్తగారికి సరుకులకి కాస్ట్‌కో దుకాణానికి వెళ్తున్నామని చెప్పాం. (అర్థమైందా, గమ్ము ఎందుకో.)

పది గంటలకి తాడు విప్పాం. పైకి వెళ్లగానే రైలు వంతెన. 1907లో కట్టారు, మన రాజమండ్రి హేవలాక్ వంతెన కంటే ఏడేళ్లు చిన్నది. తేడా ఏమిటంటే దీనికి మధ్యలో ఒక ముక్క పైకి లేస్తుంది. పడవ తెరచాప స్తంభం దాని కింద పట్టదు, రేడియోలో 13వ ఛానెల్లో పిలవాలి. పిలిచా. "రైలు వస్తోంది, ఆగండి" అన్నారు. పడవ ఆగదు కదరా బాబూ, బ్రేకు ఉంటేగా! న్యూయార్క్ నుంచి బోస్టన్ వెళ్లే రైలు తీరిగ్గా పోయేదాకా గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉన్నాం. ఎనిమిదో చుట్టుకి కిట్టు మొహం పచ్చగా అయ్యింది.

అది దాటాక బ్రహ్మాండంగా సాగింది. గట్టు మీద చెట్లు ఎరుపూ పసుపూ, నీళ్లు అద్దంలా. ఎసెక్స్ ఊరు కనబడగానే కిట్టుకి మనసు మళ్లించడానికి కథ చెప్పాను. 1814 ఏప్రిల్లో బ్రిటిష్ నావికులు సముద్రంలో ఓడలు ఆపి, చిన్న పడవల్లో ఇదే దారిన చీకట్లో తెడ్లేసుకుంటూ వచ్చి ఆ ఊళ్లో 27 ఓడలు తగలబెట్టి పోయారు. "వాళ్లకి పెట్రోలు వాసన లేదుగా బావా" అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

డీప్ రివర్ ఎదురుగా కాస్త ఆగి పులిహోర తిన్నాం. అంటే నేను తిన్నాను. మళ్లీ బయల్దేరాక ఇంజను బాగానే పాడుతోంది. సెల్డెన్ దీవి పక్కనుంచి పోతుంటే ఒక గద్ద, తెల్ల తలకాయది, ఎండుకొమ్మ మీద కూర్చుని మమ్మల్ని మన లెక్కల మాస్టారు చూసినట్టు చూసింది. ఆ కళ్లజోడు మీంచి చూసే చూపే!

కాసేపటికి ఎదర పంటు కనిపించింది. మన సఖినేటిపల్లి పంటు లాంటిదే, కార్లని అటూ ఇటూ దాటిస్తుంది, నవంబరు ఆఖరిదాకా తిరుగుతుంది. 1769 నుంచి ఆ రేవులో దాటింపు ఉందట. దానికి కుడి పక్క కొండ మీద ఒక వింత రాతి కోట. నాటకాల్లో షెర్లాక్ హోమ్స్ వేషం వేసి గడించిన విలియం జిల్లెట్ అనే నటుడు కట్టించుకున్నాడు. కిట్టుకి అది చూపిస్తూ వేలెత్తానో లేదో, ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

సూరీ, అప్పుడు ఒక నిశ్శబ్దం వచ్చింది చూడు. నాన్న అస్థికలు కలపడానికి కోటిపల్లిలో పడవెక్కాం కదా, నడిమధ్యకి వెళ్లాక సరంగు ఇంజను ఆపేశాడు. నీళ్లు పడవకి తగిలే చప్పుడొక్కటే. నువ్వు నా భుజం పట్టుకుని... సరే, వదిలెయ్. అదే చప్పుడు మళ్లీ విన్నాను, అంతే.

ఆ ధ్యాస మూడు సెకన్లు ఉందేమో. తర్వాత చూస్తే, పంటు అటు గట్టు నుంచి కార్లేసుకుని బయల్దేరింది. గాలి ఊపు కూడా లేదు, తెరచాప ఎత్తి లాభం లేదు. ఇందాకటిదాకా మోసుకొచ్చిన ఆ పోటే ఇప్పుడు మమ్మల్ని తిన్నగా పంటు దారిలోకి తోస్తోంది. ఇంజను తాడు లాగాను. లాగాను. మళ్లీ లాగాను. పొగ కూడా రాలేదు. "లంగరు వెయ్యరా!" అని అరిచాను. లంగరు తాడు తెరచాప సంచుల కింద, సంతలో తప్పిపోయిన పిల్ల జడలా చిక్కుపడి ఉంది. కిట్టు దాన్ని దువ్వుతున్నాడు! నిజంగా, ఒక్కో పాయా విడదీస్తున్నాడు, అంత భయంలోనూ పద్ధతిగా.

పంటు నుంచి హారన్. పొట్టిగా ఐదు కూతలు. ఐదు కూతలంటే ఏమిటో తెలుసా? "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు, ప్రమాదం" అని. నాకూ అర్థం కావట్లేదు మహాప్రభో అని చెప్పడానికి కూత లేదు.

అప్పుడు వంగి చూశాను. ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్లే గొట్టం మధ్యలో పెద్ద నిమ్మకాయంత రబ్బరు బుడ్డి ఉంటుంది, పెట్రోలు పంపు చేయడానికి. అది ఎండిన నిమ్మకాయలా లోపలికి పీక్కుపోయి ఉంది. ట్యాంకు చూస్తే, ఎర్ర ప్లాస్టిక్‌ది, రెండు బుగ్గలూ లోపలికిపోయి పళ్లూడిన ముసలాడి మొహంలా ఉంది.

ఆ బుగ్గలు చూడగానే కొత్తపేట దాటాక రావిచెట్టు, జోరువాన, నీ లూనా, మొత్తం కళ్ల ముందుకొచ్చేశాయి. పెట్రోల్లో నీళ్లు పడతాయని నువ్వు ట్యాంకు మూతకి ఆత్రేయపురం పూతరేకుల కవరు కప్పి రబ్బరు బ్యాండు వేశావు. కిలోమీటరుకోసారి ఆగింది. ప్లగ్గు తుడిచాం, చైను తిట్టాం, నువ్వు రావిచెట్టుకి దండం కూడా పెట్టావు. రావులపాలెందాకా తోసుకుంటూ వెళ్తే ఆ మెకానిక్ కవరు పీకి, మూత తిప్పగానే 'స్స్స్' మని గాలి లోపలికి పోయింది. "ముక్కు మూసేసి బండిని పరిగెత్తమంటే ఎలా బాబూ?" అన్నాడు. కవరు పీకినందుకు ఐదు రూపాయలు. ఇచ్చింది నేను. ఇంతవరకూ నువ్వు తిరిగివ్వలేదు.

పడవ ట్యాంకు మూత మీద కూడా గాలి లోపలికి పోవడానికి బుల్లి స్క్రూ ఒకటి ఉంటుంది. బయల్దేరేటప్పుడు నేనే వదులు చేశాను. ఇప్పుడు చూస్తే గట్టిగా బిగించి ఉంది!

"కిట్టూ!"

"వాసనొస్తోంది బావా, పులిహోర తినేటప్పుడు బిగించా."

సూరీ, ఆ క్షణంలో వాడి మొహంలో నువ్వే కనిపించావు. అదే అమాయకత్వం, అదే 'మంచికే చేశాను కదా' అనే చూపు. స్క్రూ తిప్పాను. 'స్స్స్'! రావులపాలెం చప్పుడే. ట్యాంకు బుగ్గలు 'టప్' మని బయటికొచ్చాయి. బుడ్డి గట్టిపడేదాకా పిసికి, తాడు లాగితే మొదటిసారి దగ్గింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి అందుకుంది. గేరు వెనక్కి వేసి అలాగే పట్టుకున్నాను. పంటు నడిపేవాడు అప్పటికే వేగం తగ్గించి నిలబెట్టాడు, పాపం. మా ముందునుంచి పోతూ టోపీ కొంచెం ఎత్తాడు. కార్లలోంచి ఒక చిన్నపిల్ల చెయ్యి ఊపింది. నాకు ఊపడానికి చెయ్యి రాలేదు, వణుకుతోంది. కిట్టు ఊపాడు. అప్పుడే వాడికి లంగరు తాడు చిక్కు వీడింది. "వెయ్యమంటావా బావా?" అని అడిగాడు.

నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆగలేదు. కళ్లంబట నీళ్లు. వాడికేం తెలుసు, బావకి మతి పోయిందనుకున్నాడు.

తర్వాత ఒక మైలే. యార్డు తెప్పకి కట్టేసి గట్టెక్కగానే కిట్టు "ఇంక జన్మలో పడవెక్కను, దాన్ని అక్కడే పడెయ్" అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య! మీ చెల్లెమ్మ కారు తెచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. మా పాంట్ల నిండా బురద, చేతిలో ఒక్క సంచీ లేదు. అత్తగారు ఎగాదిగా చూసి "కాస్ట్‌కో మూసేశారా?" అన్నారు.

సోమవారం ఆఫీసుకి పంటి డాక్టరని చెప్పి మళ్లీ వెళ్లా. నాలుగు చక్రాల మీద ఇంత పెద్ద ఇనప చట్రం, రెండు వెడల్పాటి పట్టీలు పడవ కడుపు కింద వేసి నీళ్లలోంచి ఎత్తేస్తుంది. మన 'ఓడలు బళ్లవుతాయి' అనే మాట కళ్లారా చూశానురా. కారుతున్న నీళ్లతో, అడుగున గుల్లలతో గాల్లో వేలాడుతుంటే, పడవ కాదు, డాక్టరు దగ్గర చొక్కా విప్పిన పెద్దమనిషిలా ఉంది. పాపం అనిపించింది. పెద్దాయనకి ఫోటో పంపాను. "పంటుకి ఎంత దగ్గరగా వెళ్లావ్?" అని జవాబిచ్చాడు. ఎలా తెలిసిందో నాకిప్పటికీ...

ఆఁ, అసలు కొసమెరుపు చెప్పలేదు. నిన్న వెళ్లి చూశాను. పడవ మొత్తానికి తెల్ల ప్లాస్టిక్ చుట్టి, వేడి గాలి కొట్టి బిర్రుగా బిగించారు, అచ్చం నీ కవరులా. దగ్గరికెళ్లి చూస్తే ఆ ప్లాస్టిక్‌కి అక్కడక్కడా చిన్న చిన్న మూతలు. "ఇవేంటి?" అన్నాను. "గాలికి. లేకపోతే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది" అన్నాడు ఆ కుర్రాడు. నీ పేరు చెప్పి వాడికి మొత్తం కథ చెప్పబోయాను, పూతరేకు అంటే ఏమిటో చెప్పేసరికే పది నిమిషాలు పట్టింది.

అత్తగారు పెట్టె కాటా మీద పెట్టారు, 24 కిలోలు ఉందని గోల. ఒక కిలో తియ్యాలి. బాదంపప్పులు తియ్యమంటే ఒప్పుకోవట్లేదు, ఈ ఉత్తరమే బరువంటున్నారు. కిట్టు కారు స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు, బోస్టన్ రెండు గంటల దారి. ఆ ఐదు రూపాయలు మాత్రం

ఐదోసారి కొడుతున్నాడు, వస్తా.

నీ
బాబ్జీ