కర్క్ గారూ, మా రొయ్యల చెరువు సంగతి కూడా వినండి

డల్లాస్ మాజీ మేయర్, అమెరికా వాణిజ్య ప్రతినిధిగా పనిచేసిన రాన్ కర్క్ గారికి నమస్కారం.

నేను డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటున్నాను. మాది భీమవరం దగ్గర ఒక పల్లె. రైల్లో విక్టరీ స్టేషన్‌లో దిగినప్పుడల్లా ఎదురుగా అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ కనిపిస్తుంది, మీరు గుర్తొస్తారు. హోటళ్ల మీద, అద్దె కార్ల మీద పన్ను వేసి దాన్ని కట్టిస్తామని 1998 జనవరిలో మీరు ఊరిని ఓటు అడిగారు. చాలా తక్కువ తేడాతో గట్టెక్కింది. అదే ఏడాది ట్రినిటీ నది పనులకి అప్పు తెచ్చే బాండ్ల ఓటూ అంతే. ఆ నది పక్కన వేస్తామన్న టోల్ రోడ్డు మాత్రం రానేలేదు, 2017లో కౌన్సిలే దాన్ని కొట్టేసింది. అది పోవడమే మంచిదైందని నా అభిప్రాయం. అయినా ఊరిని ఓటు అడిగిన మీ పద్ధతి నాకు నచ్చింది.

మా వాళ్లకి మేయర్ అంటే ఊరంతటికీ పెద్ద. కానీ మన కార్పొరేషన్లలో కమిషనర్ ఉన్నట్టే డల్లాస్‌లో సిటీ మేనేజర్ ఉంటారు, యంత్రాంగమంతా ఆయన చేతిలోనే. మేయర్‌ది 15 ఓట్లలో ఒక ఓటు. అంటే ఏ పని కావాలన్నా పది మందిని కూర్చోబెట్టి ఒప్పించాల్సిందే. 1995లో 62 శాతం ఓట్లతో గెలిచి, డల్లాస్‌కి తొలి నల్లజాతి మేయరై, మీరు ఆరేళ్లకు పైగా చేసింది ఆ ఒప్పించే పనే.

మీరు న్యాయశాస్త్రం చదివిన టెక్సాస్ యూనివర్సిటీ కథ చదివినప్పుడు నా మనసు కదిలింది. 1946లో హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే హెమన్ స్వెట్ అనే నల్లజాతి ఆయన ఆ లా స్కూల్లో సీటు అడిగితే రంగు చూసి కాదన్నారు. ఆయన సుప్రీంకోర్టు దాకా పోరాడి 1950లో గెలిచారు. నాలుగేళ్లకి ఆస్టిన్‌లో మీరు పుట్టారు. మీ నాన్నగారిదీ పోస్టాఫీసు ఉద్యోగమే, అమ్మగారు టీచరు. స్వెట్ తెరిచిన తలుపులోంచే వెళ్లి 1979లో మీరు పట్టా అందుకున్నారు. ఎవరో ఒకరు అడగబట్టే, పట్టు వదలకుండా అడగబట్టే ఆ తలుపు తెరుచుకుంది. ఆ ధైర్యంతోనే నేనూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

2009లో మీరు వాణిజ్య ప్రతినిధి అయ్యేసరికి కొరియా, కొలంబియా, పనామాలతో వాణిజ్య ఒప్పందాలు సంతకాలు పూర్తయి మీ బల్ల మీద ఉన్నాయి. వాటిని అలాగే తోసెయ్యలేదు మీరు. కార్ల కార్మికులు దెబ్బతింటారని కొరియాతో మళ్లీ కూర్చున్నారు, 2010 డిసెంబర్‌లో కార్ల సుంకాల గడువు మార్పించారు. మొదట వద్దన్న ఆటో కార్మిక సంఘమే తర్వాత ఒప్పుకుంది. కొలంబియాలో కార్మిక నాయకుల ప్రాణాలకి రక్షణ ఏదని అడిగి, ముందు దాని మీద ఒక ప్రణాళిక రాయించారు. దిగుమతుల వల్ల పని పోయిన అమెరికన్లకి సాయం కొనసాగాలని మీ ప్రభుత్వం పట్టుబట్టింది. ఇవన్నీ అయ్యాకే 2011 అక్టోబర్‌లో మూడూ అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో ఓటుకెళ్లాయి.

మా విషయంలో మాత్రం దారి వేరయింది. బర్డ్ ఫ్లూ భయంతో అమెరికా కోడిమాంసం మీద భారత్ పెట్టిన ఆంక్షలపై 2012 మార్చిలో మీ కార్యాలయం ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లింది. అమెరికాలో జనం ఎక్కువగా బ్రెస్ట్ ముక్కే తింటారు, లెగ్ పీసులు చవగ్గా మిగిలిపోతాయి. అవి వచ్చి పడితే మా గతేంటని మా వైపు కోళ్ల రైతులు టెన్షన్ పడ్డారు. 2015లో భారత్ ఓడిపోయింది. శాస్త్రీయ ఆధారం సరిగా చూపలేకపోయారు కాబట్టి తీర్పు తప్పని నేను అనను. కానీ ఆ తగాదా చివరికి తెగింది 2023 సెప్టెంబర్‌లో, రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్నాకే. పదకొండేళ్లు పట్టింది!

ఇప్పుడు రొయ్యల సంగతి. 2025 ఆగస్టులో భారత్ సరుకు మీద అమెరికా అదనపు సుంకాలు 50 శాతానికి చేరాయి. దానికి కాంగ్రెస్‌లో ఓటు లేదు, దెబ్బ తగిలేవాళ్లని అడిగిందీ లేదు. భారత్ నుంచి వెళ్లే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రావే. కిలోకి 30, 40 తూగే పెద్ద కౌంట్ సరుక్కి అమెరికాయే పెద్ద గిరాకీ.

మా బాబాయి తెల్లవారుజామునే చెరువు గట్టు మీదికి వెళ్లి చెక్ ట్రే పైకి లాగుతాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని టార్చి వేసి చూస్తాడు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాల్సిందే, కరెంటు పోతే డీజిల్. రొయ్య పెద్ద కౌంట్‌కి రావాలంటే ఇంకో నెల మేపాలి, ఆ నెలలో తెల్లమచ్చ రోగం వస్తే చెరువంతా పోతుంది. మేపాక రేటు ఉంటుందో లేదో వాషింగ్టన్‌లో ఎవరో తేల్చాలి.

మీరిప్పుడు పదవిలో లేరు, సుంకాలు మీ చేతిలో లేవు, తెలుసు. కానీ ఆ వాణిజ్య ప్రతినిధి కుర్చీలో కూర్చున్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలో డల్లాస్‌కి మేయర్‌గా చేసింది మీరొక్కరే. కొరియా ఒప్పందాన్ని మళ్లీ ఎందుకు తెరిచారో, కాంగ్రెస్ ఓటు దాకా ఎందుకు ఆగారో డల్లాస్ పత్రికల్లో రాయండి. టెక్సాస్ సెనేటర్లకి, ప్రతినిధులకి చెప్పండి. మీ మాట అయితే వాళ్లు వింటారు.

ఏదో ఒక ఆదివారం ఇర్వింగ్ రండి. ఇంటి దగ్గర చెరువులున్న వాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం, అందరం వస్తాం. ఆ టైమ్‌కి బాబాయికి ఫోన్ కలుపుతాను. ఇంకో నెల మేపాలా, ఇప్పుడే పట్టుబడి చేసెయ్యాలా అని ప్రతి పంటకీ ఆయన నన్ను అడుగుతాడు. ఈసారి మిమ్మల్ని అడుగుతాడు.

గౌరవంతో,
ఇర్వింగ్‌లో ఉంటున్న ఒక భీమవరం వాడు