నల్లగాజు కబుర్లు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. మూడు వారాలుగా నాకు ఫర్నేసు తప్ప వేరే లోకం లేదు. "గాజు చేయడానికి ఇంత చదువెందుకురా, ఇసుక కరిగిస్తే చాలదా?" అని వెక్కిరించావుగా. కిటికీకైతే చాలు!

కిటికీ అద్దాన్ని ఒకసారి అంచు వైపు నుంచి చూడు, పచ్చగా ఉంటుంది. ఇసుకలోని ఇనుము చేసే పని అది. గాజులో వెలుతురు దూరం వెళ్లకపోతే తప్పు గాజుది కాదు, అందులోని మలినాలదని చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త 1966లోనే అన్నాడు. 1970లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ వాళ్లు తీసిన ఫైబర్‌లో, అంటే వెలుతురుని మోసే సన్నని గాజు తీగలో, కిలోమీటరు వెళ్లేసరికి నూటికి రెండు పాళ్ల వెలుతురు మిగిలింది. దానికే పండగ! ఇప్పుడు తొంభై అయిదు పాళ్లు మిగులుతోంది.

కానీ ఆ సిలికా (ఇసుక గాజు) ఫైబర్ పరారుణంలో, అంటే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో, తరంగం పొడవు రెండు మైక్రాన్లు దాటితే చేతులెత్తేస్తుంది. సిలికాన్, ఆక్సిజన్ తేలికైన పరమాణువులు, వాటి బంధం గట్టిది. ఆ బంధాల కంపనాలే వెలుతురుని మింగేస్తాయి. అందుకే నేను ఆర్సెనిక్, సెలీనియం పట్టుకున్నాను. పరమాణువులు బరువు, బంధాలు వదులు, ఊగడం నెమ్మది. మన కంటికి బొగ్గుముక్కలా ఉండే ఆ గాజు థర్మల్ కెమెరాకి మంచినీళ్లంత తేట. పైగా తక్కువ వేడికే మెత్తబడుతుంది కాబట్టి లెన్సుని అరగదీయక్కర్లేదు, అచ్చులో నొక్కేయొచ్చు.

చేయడమే చావు. కాస్త ఆక్సిజన్ చేరినా సరుకు పాడు. క్వార్ట్జ్ ట్యూబులో గాలంతా లాగేసి, సీలు వేసి, ఫర్నేసులో రాత్రంతా ఉయ్యాల ఊపాలి. తర్వాత చల్లార్చడం. నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు, మరీ త్వరగా చల్లారితే పగుళ్లు. ఈ గాజు క్వార్ట్జ్ కంటే దాదాపు నలభై రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది మరి. మంగళవారం గాజు ట్యూబు గోడని వదలకుండా అంటుకుపోయి, 'టక్' మని పగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉందిరా.

1974లో ఫ్రాన్స్‌లోని రెన్‌లో పులాఁ సోదరులు క్రిస్టల్ కోసం వెతుకుతుంటే అనుకోకుండా ఫ్లోరైడ్ గాజు, పరారుణానికి పనికొచ్చే ఇంకో రకం, దొరికింది. నాకేమో గాజు కోసం వెతికితే క్రిస్టల్ వస్తోంది. అదృష్టం చూశావా!

గురువారం మళ్లీ ట్యూబు సీలు చేస్తున్నా. ఈసారి పగలకుండా, చల్లార్చేటప్పుడు 180 డిగ్రీల దగ్గర ఇంకా ఎక్కువసేపు ఉంచి చూస్తాను. నిలబడితే ఒక ముక్క దాచి ఉంచుతా. వచ్చినప్పుడు దాని వెనక నీ చెయ్యి పెట్టి కెమెరాలో చూద్దువు గానీ.

నీ
రఘు