ఎదుటివాళ్లకు మళ్లీ అడిగే పని పెట్టకు

నెల్లూరు

చిరంజీవి అబ్బాయికి, నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెజ్యూమే చూశాను. ముత్తుకూరు కాలేజీలో నాలుగేళ్లుగా చదువుతున్న బి.ఎఫ్‌.ఎస్‌సి., అదే చేపలు, రొయ్యల పెంపకం డిగ్రీ, అందులో ఎక్కడా కనపడలేదు నాయనా. పైన ఆరు లైన్లలో కష్టపడే స్వభావం, అందరితో కలిసిపోయే గుణం, త్వరగా నేర్చుకునే నేర్పు అని ఉంది. రొయ్యల మేత కంపెనీలో ఆ కాగితం చూసే మనిషి ముందు అలాంటివి చాలా ఉంటాయి, అన్నింటిలోనూ ఇవే మాటలు. నిన్ను పిలవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ ఆరు లైన్లలో ఒక్కటీ పనికిరాదు.

నువ్వు టెక్నికల్ ఆఫీసర్, సేల్స్ ఆఫీసర్ పోస్టులకు పెడుతున్నావు కాబట్టి ఒక్క సంగతి బాగా పట్టుకో. దరఖాస్తు రాసినా, రైతుతో గట్టు మీద మాట్లాడినా, డీలర్‌కి మెసేజ్ పెట్టినా, నీ మాట విన్న మనిషి నిన్ను మళ్లీ ఏమీ అడక్కుండా తన తర్వాతి పని చేసుకోగలగాలి. మిగతాదంతా దీన్నుంచి వచ్చేదే.

ముందు రెజ్యూమే. కొత్తవాడివి, ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఫోను, మెయిల్, ఉండే ఊరు, బైకు లైసెన్సు ఉందా లేదా. సేల్స్ ఉద్యోగానికి లైసెన్సు సంగతి తప్పకుండా అడుగుతారు, రాస్తే ఒక ఫోను తగ్గుతుంది. కులం, మతం, నాన్న పేరు, కింద 'పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న లైను తీసెయ్. వాటి స్థానంలో ట్రైనింగ్‌లో చూసిన చెరువు గురించి నాలుగు లైన్లు రాయి: ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎన్ని రొయ్య పిల్లలు వదిలారు, ఎన్నో రోజున ఏ కౌంట్‌లో (కిలోకి ఎన్ని రొయ్యలు తూగేటప్పుడు) పట్టారు, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టిన మేత కిలోలు) ఎంత వచ్చింది, అందులో నువ్వు చేతులారా చేసిన పని ఏది. వేసిన మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రేలు చూశావా, వారం వారం వల వేసి సగటు బరువు తీశావా, నీటి పరీక్షలు చేశావా. పంట మధ్యలో పోయినా రాయొచ్చు. 'తెల్లమచ్చ జబ్బు రావడంతో ముందే రొయ్యల పట్టుబడి చేశారు, నేను శాంపిళ్లు ల్యాబ్‌కి పంపాను' అన్న లైను చదివితే నువ్వు చెరువు దగ్గర నిలబడ్డావని తెలుస్తుంది.

దాన్ని ఫోనులో ఫొటో తీసి పీడీఎఫ్ చెయ్యొద్దు. టైపు చేసిన ఫైలునే పీడీఎఫ్‌గా మార్చు. ఫొటో పీడీఎఫ్‌లో అక్షరాలు బొమ్మగానే ఉంటాయి కాబట్టి, వెతికే సాఫ్ట్‌వేర్‌లో రొయ్య రకం పేరు 'వన్నామీ' అని కొట్టినప్పుడు నీ కాగితం పైకి రాకపోవచ్చు. ఫైలు పేరు 'రెజ్యూమే ఫైనల్ 2' అని ఉంటే డౌన్‌లోడ్ చేసినవాడికి అది ఎవరిదో తెలియదు. నీ పేరు, పోస్టు పేరు పెట్టు.

మెయిల్ ఖాళీగా పెట్టి ఫైలు తగిలించి పంపడం చాలామంది చేసే పని. సబ్జెక్ట్ లైనులోనే పోస్టు, నీ పేరు, చదువు, ఊరు రావాలి. లోపల అయిదు లైన్లు: ఏ పోస్టుకి, ప్రకటన ఎక్కడ చూశావు, నీ చదువు, ఆ పనికి దగ్గరగా నువ్వు చేసినది ఒకటి, ఎప్పటి నుంచి చేరగలవు. ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస. ఒకే మెయిల్‌ని ఇరవై కంపెనీలకు కలిపి పంపితే అందరి అడ్రసులూ అందరికీ కనిపిస్తాయి, అలాంటి మెయిల్‌కి జవాబు రాయాలని ఎవరికీ అనిపించదు. ఒక్కో కంపెనీకి విడిగా పంపు.

వాట్సాప్‌లో 'హాయ్ సర్' అని పెట్టి జవాబు కోసం కూర్చోవద్దు. మొదటి మెసేజ్‌లోనే విషయమంతా ఉండాలి: 'నమస్తే సర్. నేను ఫలానా, ముత్తుకూరులో బి.ఎఫ్‌.ఎస్‌సి. చివరి సంవత్సరం. నెల్లూరు ఏరియా టెక్నికల్ ఆఫీసర్ పోస్టుకి మంగళవారం మెయిల్ పంపాను. అందిందో లేదో తెలియజేయగలరా?' ఇలా పెడితే ఆయన ఒక్క మాటతో జవాబిచ్చేస్తాడు. వాయిస్ మెసేజ్ వద్దు. మీటింగ్‌లో ఉన్న మనిషి చదవగలడు గానీ వినలేడు.

కంపెనీ నుంచి ఫోను వచ్చినప్పుడు బస్సులోనో గాలి హోరులోనో ఉంటే అక్కడే మొదలుపెట్టకు. 'సర్, బస్సులో ఉన్నాను, మీ మాట సరిగా వినపడటం లేదు. 4 గంటలకు నేనే చేస్తాను' అని చెప్పు, 4 గంటలకు చెయ్యి. కాసేపట్లో అనకు, గంట చెప్పు. ఇంటర్వ్యూకి వెళ్లలేకపోతే ముందురోజే చెప్పు. మన ప్రాంతంలో మేత కంపెనీలవాళ్లు, డీలర్లు, రొయ్య పిల్లలను పుట్టించే హ్యాచరీలవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. చెప్పకుండా మానేసినవాడి పేరు మిగతా కంపెనీల్లోనూ తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అంటే రెజ్యూమేని మళ్లీ చదివి వినిపించొద్దు. నిమిషం, నిమిషంన్నర. ఏం చదివావు, చెరువు దగ్గర ఏం చేశావు, ఈ పోస్టు ఎందుకు కావాలి. అద్దం ముందు కాకుండా ఫోనులో రికార్డు చేసి విను, సాగదీసిన చోటు నీకే తెలుస్తుంది. ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు చాలు. ఇరుక్కుపోతే 'ఇది తెలుగులో చెప్పొచ్చా సర్' అని అడుగు. రైతుతో తెలుగులోనే మాట్లాడాల్సిన ఉద్యోగం ఇది, అడగడం తప్పు కాదు. నీ నెల్లూరు యాస గురించి బెంగపడొద్దు. అది దాచుకోబోయి మాట తడబడితేనే ఇబ్బంది.

లెక్కలు అడుగుతారు. 'ఎకరంలో లక్ష పిల్లలు వదిలారు, 60వ రోజు, సగటు బరువు 10 గ్రాములు. రోజుకు మేత ఎంత?' అంటే చాలామంది తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తారు. అడిగేవాడు చూసేది ఆ అంకెను కాదు, నువ్వు దేన్ని అనుకుని లెక్క కట్టావన్నది. ఇలా పైకి చెప్పు: 'బతికినవి 80 శాతం అనుకుంటే 80,000. పది గ్రాముల చొప్పున 800 కిలోలు. ఆ సైజుకి శరీర బరువులో సుమారు 3 శాతం వేస్తే 24 కిలోలు. ఆ తర్వాత చెక్ ట్రేలో మిగిలినదాన్ని బట్టి తగ్గించడమో పెంచడమో చేస్తాను.' బతికినవి 60 శాతమే అని ఆయన మారిస్తే 18 కిలోలని అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. అంకె ఒక్కటే చెప్పినవాడికి ఆ దారి ఉండదు. తెలియనిదైతే తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటావో ఒక వాక్యంలో చెప్పు.

'ఈ మేత నాకు అమ్మి చూపించు' అని కూడా అడగొచ్చు. అప్పుడు ప్రొటీన్ శాతంతో మొదలుపెట్టకు. ముందు ప్రశ్నలు వెయ్యాలి. చెరువు గట్టు మీద కూడా అంతే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు వెళ్లినా, అవతల ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు వెళ్లినా, రైతు నీ మాట వినకముందే నీ కాళ్ల వంక చూస్తాడు. ఇంకో చెరువు మీదుగా వచ్చినవాడివి కదా, జబ్బు మోసుకొచ్చావేమోనని. కంచె బయటే ఆగి, క్రిములను చంపే పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు కడుక్కుని, పిలిచాకే లోపలికి వెళ్లు. ఆయన చెక్ ట్రేని ఆయనే ఎత్తనీ, నువ్వు చెయ్యి పెట్టకు. పట్టుబడి జరుగుతున్నప్పుడు వెళ్లొద్దు, ఆ పూట ఎవరికీ నీ మాట ఎక్కదు. పక్క చెరువులో జబ్బు వచ్చిందా అని ఆయన అడిగినా చెప్పకు. వాళ్ల సంగతి ఈయనకు చెప్పినవాడివి రేపు ఈయన సంగతి ఇంకొకరికి చెబుతావని ఆయనకు తెలుసు.

పెద్దవాళ్లను అన్నా అనో అయ్యా అనో పిలువు, డీలర్‌ని పేరు పక్కన గారు పెట్టి. కులం పేరుతో పిలిచే అలవాటు ఇక్కడ ఉంది, నీకు అది వద్దు.

తర్వాత అడుగు: ఎన్ని ఎకరాలు, ఎన్ని పిల్లలు, ఎన్నో రోజు, ఇప్పుడు కౌంట్ ఎంత, రోజుకు ఎంత మేత పోతోంది, తెల్లవారుజామున నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయా. ఆయన ముందే నోటుబుక్కులో రాసుకో. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా నీ బ్రాండు పేరు ఎత్తకు. మేత మిగిలిపోతోందని ఆయన అంటే, తప్పు మేతదే అయ్యుండాలని లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా, బతికినవి అనుకున్నంత లేకపోయినా రొయ్య తినదు. ఆ మాట నువ్వే ముందు చెబితే, తర్వాత నీ మేత గురించి చెప్పేదాన్ని ఆయన చెవిన పెడతాడు.

'నీ బస్తా ధర ఎక్కువ' అంటాడు. ఎదుటి కంపెనీని తిట్టకు. తిట్టితే ఇన్నాళ్లూ ఆ మేత కొన్న ఆయన తెలివిని తిట్టినట్టే. దేనితో పోల్చి ఎక్కువ అంటున్నాడో అడిగి, లెక్క కాగితం మీద వెయ్యి. లెక్క కోసం ఆయన మేత కిలో 90 రూపాయలు, నీది 94 అనుకో. 25 కిలోల బస్తాకి 100 రూపాయలు తేడా. 80,000 రొయ్యలు 50 కౌంట్‌లో, అంటే ఒక్కోటి 20 గ్రాములు, 1,600 కిలోలు. ఆయన ఎఫ్‌సీఆర్ 1.4 అయితే కిలో రొయ్యకి మేత ఖర్చు 126 రూపాయలు. నీ మేతతో 1.3 వస్తే 122 రూపాయల 20 పైసలు. మొత్తం మీద 6,080 రూపాయలు మిగులు.

ఇక్కడితో ఆపేవాళ్లు చాలామంది. నువ్వు ఇంకో లైను కూడా రాయి: ఎఫ్‌సీఆర్ 1.34కి దిగకపోతే నీ మేత ఆయనకు నష్టమే. ఆ అంకెను నువ్వే చెప్పు. ఒక చెరువులో వేసి చూసి, రెండో చెరువుతో పోల్చుకోమను. లెక్క చూపించాక మాట్లాడకుండా ఉండు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు గాభరా పడి డిస్కౌంట్ మాట ఎత్తితే, అప్పటిదాకా చెప్పిన లెక్క పోయి బేరం ఒక్కటే మిగులుతుంది.

మేత వేస్తే తెల్లమచ్చ రాదని, ఈహెచ్‌పీ అనే రొయ్య జబ్బు తగ్గుతుందని ఎప్పుడూ అనకు. ఎవరైనా యాంటీబయాటిక్ చెప్పమంటే చెప్పకు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్‌ల వంటివి రొయ్యల సాగులో నిషేధం. ఎగుమతిలో వాటి ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. 'ల్యాబ్ రిపోర్టు వచ్చాక మాట్లాడదాం అన్నా' అను, శాంపిల్ పంపడానికి సాయం చెయ్యి.

ఆర్డరు నోటిమాట మీద వదలకు. ఫోను పెట్టేసిన వెంటనే డీలర్‌కి, రైతుకి ఒకే మెసేజ్: మేత సైజు నంబరు, బస్తాలు, ధర, డబ్బు ఎన్ని రోజుల్లో, లారీ ఏ తారీఖున ఏ ఊరికి. 'వచ్చే వారం' అని రాయొద్దు. ఒకరికి అది సోమవారం, ఇంకొకరికి శనివారం. సైజు నంబరు రాయకపోతే చిన్న రొయ్యకి పెద్ద గుళికలు వచ్చి దిగుతాయి, తిప్పి పంపే కిరాయి ఎవరిదని గొడవ. బాకీ సంగతి నలుగురిలో ఎత్తకు. పక్కకు పిలిచి, ఎంత ఉందో, ఏ తారీఖున ఇస్తారో అడిగి, ఆ తారీఖుని మెసేజ్‌లో పెట్టు.

ఇంటర్వ్యూ అయ్యాక ఆ సాయంత్రమే రెండు లైన్ల మెయిల్: కృతజ్ఞతలు, ఇంకా వాళ్లకు కావలసిన కాగితం ఏదైనా అడిగి ఉంటే అది. వాళ్లు చెప్పిన గడువు దాటాక ఒకసారి, మరో వారానికి ఇంకోసారి అడుగు. ఆపైన అడగొద్దు, వేరే కంపెనీల మీద పడు.

జీతం మాట వచ్చినప్పుడు ఏడాది మొత్తం అంకె విని తల ఊపొద్దు. చేతికి నెలకు ఎంత, అందులో ఖాయమైనది ఎంత, ఇన్సెంటివ్ ఎంత, పీఎఫ్ ఎంత కోస్తారు, బైకుకి కిలోమీటరుకి ఎంత ఇస్తారు, ఏ మండలాలు, నెలకు ఎన్ని టన్నుల టార్గెట్, డీలర్ బాకీ రాకపోతే నీ జీతంలో కోస్తారా. చివరిదాన్ని ఎవరూ అడగరు, అదే ముఖ్యం. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో రాసి ఇవ్వమను. రిజిస్ట్రేషన్‌కో ట్రైనింగ్‌కో డబ్బు కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది ఉద్యోగం కాదు, ఫోను పెట్టేసెయ్.

రెజ్యూమే తిరగరాసి ఆదివారం లోపు పంపు. ట్రైనింగ్ చెరువు లెక్కలు నీ రికార్డు పుస్తకంలో ఉంటాయి. అందులో ఎఫ్‌సీఆర్ వేసి లేకపోతే మొత్తం మేతను పట్టిన రొయ్యల బరువుతో భాగించి నువ్వే వెయ్యి, ఎలా వేశావో పక్కనే రాసుకో, అడుగుతారు.

మీ నాన్న