పాపికొండల లాంచీకి ఇప్పుడే డబ్బు కట్టకండి

మహారాష్ట్రలోని సిరొంచ, అంకీస, ఆసరల్లి, అహేరి వైపు నుంచి మా దగ్గర టికెట్లు చేయించుకునే అందరికీ నమస్కారం.

ఈ ఏడాది నుంచి ఒక మార్పు చేస్తున్నాం. పాపికొండల లాంచీ కోసం అక్టోబర్ ఆఖరు దాకా మా దుకాణంలో ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోం. పేరు, ఫోన్ నంబరు, ఎంతమంది వస్తారు, ఏ వారం వీలవుతుంది అనేవి రాసుకుంటాం, అంతే. ప్రయాణం వారం రోజులుందనగా ఘాటుకు ఫోన్ చేసి, లాంచీలు తిరుగుతున్నాయని ఖాయం చేసుకున్నాకే డబ్బు అడుగుతాం.

ఇప్పుడు ఆగస్టు. "అన్నా, ముందే చేసుకుంటే తక్కువలో వస్తుంది కదా" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. విమానానికైతే చాలాసార్లు ఆ లెక్క నిజమే. పాపికొండల లాంచీకి కాదు. శని, ఆదివారాలు, పండుగ రోజుల తేడా వదిలేస్తే ముందు కట్టినా వెనక కట్టినా టికెట్ ధర దాదాపు ఒకటే. ముందు కట్టినందుకు మీ చేతికి వచ్చేది ఒక తారీఖు మాత్రమే. ఆ తారీఖున గోదావరి ఎలా ఉంటుందో రెండు నెలల ముందు ఎవరూ చెప్పలేరు.

పోయిన వానాకాలంలో ఇదే జరిగింది. మన వాళ్లు కొందరు సెప్టెంబర్ సెలవులకని ముందే కట్టారు. నీళ్లు పెరిగాయి, లాంచీలు ఆపేశారు. డబ్బు తిరిగి ఇమ్మంటే లాంచీ నడిపే మనిషి "తారీఖు మార్చుకోండి, పైసలు మాత్రం రావు" అన్నాడు. పిల్లల బడి మొదలయ్యాక తారీఖు మారిస్తే ఎవరికి లాభం? ఆ డబ్బు మేమే ఇచ్చేశాం. మా మొహం చూసి కట్టారు కాబట్టి ఇవ్వడం మా బాధ్యత. అయితే ప్రతిసారీ అలా ఇచ్చుకుంటూ పోతే దుకాణం నడవదు. అందుకే ఈ మార్పు.

వరద గురించి మన తాలూకా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2022 జూలైలో మన ఊళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడే భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటింది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మన సిరొంచ పక్కనే గోదావరిలో పడతాయి. ఇంకాస్త దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి చేరుతుంది. విదర్భలో, బస్తర్‌లో గట్టి వాన పడిందంటే ఆ నీళ్లన్నీ భద్రాచలం మీదుగానే పోవాలి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. టీవీలో ఆ అంకె చూసి "ఇంకా 43 రాలేదు, లాంచీ నడుస్తుందిలే" అనుకుని బయలుదేరేవాళ్లున్నారు. ఆ ఒక్క అంకె చాలదు. భద్రాచలం వైపు నుంచి వెళ్లే మనం లాంచీ ఎక్కేది పోచవరంలో. అది కూనవరానికి దిగువన ఉంది. కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరికి నీళ్లు ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి, ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా వైపు నుంచి వస్తాయి. మన దగ్గర ఎండ కాస్తూ, భద్రాచలంలో నీళ్లు తగ్గుతూ ఉన్నా, శబరి పొంగితే పోచవరంలో లాంచీ కట్టేయాల్సిందే. ఇవన్నీ కలిసిన నీళ్లు పాపికొండల మధ్య ఇరుకులోంచి దూరాలి. కొండలు దగ్గరైన చోట గోదావరి వేగం, సుడులు పైనుంచి చూస్తే తెలియవు.

2019 సెప్టెంబర్ 15 ఎవరూ మరచిపోకూడదు. వరద ఇంకా తగ్గని గోదావరి మీద గండిపోచమ్మ గుడి దగ్గర్నుంచి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 77 మంది ఎక్కితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. అంతకుముందు ఏడాది మే నెలలోనూ ఆ నది మీదే, మంటూరు దగ్గర, గాలివానకు లాంచీ మునిగింది. ఆ తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు, తనిఖీలు పెంచారు. మంచిదే. లాంచీ ఆపారంటే కారణం ఉండే ఆపుతారు. "ఇంత దూరం వచ్చాం, ఎలాగోలా ఎక్కించండి" అని మన వాళ్లెవరూ ఘాటు దగ్గర గొడవ పడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

మరి ఎప్పుడు వెళ్లాలి? మనం మహారాష్ట్రలో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. తెలంగాణ, ఆంధ్ర బడులకు పెద్ద సెలవులు దసరాకు, సంక్రాంతికి. అప్పుడు లాంచీల్లో నిలబడే చోటు ఉండదు. మన జిల్లా పరిషత్ బడులకు పెద్ద సెలవులు దివాళీకి. అప్పటికి వానలు వెనక్కి పోతాయి, గోదావరి చాలావరకు కుదుటపడుతుంది, కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఒక్క చిక్కు, దివాళీ మర్నాటి నుంచే కార్తీకం. ఆది, సోమవారాల్లో, ఏకాదశి, పౌర్ణమికి భద్రాచలమూ లాంచీలూ కిక్కిరిసిపోతాయి. అందుకే దివాళీ సెలవుల్లో మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. అటువైపు పిల్లలు అప్పుడు బడిలో ఉంటారు. నన్నడిగితే ఏడాది మొత్తంలో మన ఊరి వాళ్లకు ఇంతకన్నా మంచి రోజులు లేవు.

మిర్చి రైతులు మార్చి, ఏప్రిల్‌లో సరుకు అమ్ముకున్నాక వస్తామంటారు. చేతిలో డబ్బు ఆడేది అప్పుడే కాబట్టి కాదనలేను. కానీ ఆ ఎండలో రేకుల పైకప్పు కింద పగలంతా కూర్చోవడం పెద్దవాళ్లకు కష్టం. శ్రీరామనవమి రోజుల్లో భద్రాచలంలో గది దొరకడమూ కష్టమే. కోతలు మొదలయ్యేలోపు, డిసెంబర్‌లో రెండు రోజులు తీరిక చేసుకోగలిగితే అది మేలు. ముక్కోటి ఏకాదశి ఏ తేదీన పడిందో మాత్రం ముందు చూసుకోండి. తెప్పోత్సవానికి వచ్చే జనంతో ఊరు నిండిపోతుంది. చలికాలం పొద్దున పొగమంచు కమ్మితే లాంచీ ఆలస్యంగా కదులుతుంది, దానికి సిద్ధపడి వెళ్లండి.

ముందే చేసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. కాళేశ్వరం వంతెన దాటి ఏటూరునాగారం, మణుగూరు మీదుగా భద్రాచలం చేరి, ఆ రాత్రి అక్కడ పడుకుంటేనే పొద్దున పోచవరంలో లాంచీ అందుతుంది. కాబట్టి గది ముందు కావాలి, బండి ముందు కావాలి. గది తీసుకునేటప్పుడు రద్దు చేస్తే డబ్బు వాపసు ఇచ్చే చోటే తీసుకోండి. మేమూ ఇకపై అలాంటి గదులే ఇప్పిస్తాం. లాంచీ టికెట్ చివరన. "నీళ్ల వల్ల లాంచీ ఆగితే డబ్బు వాపసా, తారీఖు మార్పా?" అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీదో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టండి. మా దగ్గర కాకుండా ఇంకెక్కడ చేసుకున్నా ఇది అడగండి. ఎక్కేటప్పుడు పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందో లేదో చూడండి. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లకు తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు అది పైకి జారిపోతుంది.

2027 గోదావరి పుష్కరాల్లో లాంచీ కావాలని ఇప్పుడే పేర్లు ఇస్తున్నారు. పుష్కర స్నానం వేరు, పాపికొండల ప్రయాణం వేరు. పుష్కరాలు వానాకాలం మొదట్లో వస్తాయి, పైగా లక్షల జనం. స్నానం కాళేశ్వరంలోనో మన ఘాటులోనో చేసి, లాంచీని దివాళీకి పెట్టుకోండి.

ఇక విదేశాల సంగతి. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు యూరప్‌లో రైన్ నది మీద ఓడలో తిరగాలని ఉందన్నారు. ఆ మాట వినగానే నాకు చాలా సంతోషమేసింది. ఇక్కడ నేను పైన చెప్పిన సలహా తిరగబడుతుంది. ఆ ఓడల్లో గదులు తక్కువ. అన్నిటికన్నా చవకవీ, అన్నిటికన్నా ఖరీదైనవీ ముందుగా అయిపోతాయి. మే నెలలో వెళ్లాలంటే ఈ అక్టోబర్, నవంబర్‌లోపే గది తీసుకోవాలి. కింది అంతస్తు గదులకు కిటికీ నీటి మట్టానికి కాస్త పైన, చిన్నగా, తెరవడానికి రాకుండా ఉంటుంది. పగలంతా బయటే గడిపేవాళ్లకు అది చాలు. ఇంజను ఉండే వెనక భాగంలో మాత్రం వద్దనండి, నిద్ర పట్టదు.

అక్కడా నది మాటే చెల్లుతుంది. 2018 అక్టోబర్‌లో కౌబ్ అనే ఊరి దగ్గర కొలబద్ద మీద రైన్ నీటి మట్టం 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2022 ఆగస్టులోనూ నీళ్లు బాగా తగ్గాయి. అలాంటప్పుడు ఓడ కదలని చోట బస్సు ఎక్కిస్తారు. యూరప్‌లోనే ఇంకో నది డాన్యూబ్ మీద దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది, 2013 జూన్ వరదకు అక్కడ ఓడలు ఆగిపోయాయి. అందుకే వేసవి చివర, ఆకురాలే కాలం వద్దని, మే మంచిదని మాస్టార్లకు చెప్పాను. బస్సు ఎక్కించినా కంపెనీ డబ్బు వాపసు ఇవ్వకపోవచ్చు, ఆ షరతు చదివాకే సంతకం పెట్టండి.

ఈజిప్టులో నైలు నది వేరు. 1970లో అస్వాన్ పెద్ద డ్యామ్ పూర్తయ్యాక అక్కడ వరద భయం లేదు. లక్సర్, అస్వాన్ మధ్య మూడు నాలుగు రాత్రుల ప్రయాణం ఏడాదంతా నడుస్తుంది. చూసుకోవాల్సింది ఎండ ఒక్కటే. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజులు తప్పిస్తే రెండు నెలల ముందు చేసుకున్నా గది దొరుకుతుంది. మొదటిసారి విదేశీ నది చూడాలనుకునేవాళ్లకు నేను నైలే చెబుతాను.

మా సంపాదన గురించి కూడా దాచకుండా చెబుతాను. లాంచీ వాళ్లు ఇచ్చే కమీషన్ మీదే ఈ పని నడుస్తోంది. ఇకనుంచి ఆ కమీషన్ ఎంతో మీ బిల్లు మీదే రాస్తాం. అడ్వాన్సులు మానేస్తే వానాకాలంలో మా చేతిలో డబ్బు తగ్గుతుంది. ఆ నెలల్లో రైలు టికెట్లు, పాస్‌పోర్టు ఫారాలతో నెట్టుకొస్తాం.

రైన్ ప్రయాణానికి పేరిచ్చిన మాస్టార్లూ, ఈ వారంలో మీ పాస్‌పోర్టులు తీసి చూడండి. జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువు మిగలాలి. లేకపోతే ముందు నాగపూర్ కార్యాలయం పరిధిలో కొత్తదానికి పెట్టాలి. యూరప్ దేశాల్లో తిరగడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల కన్నా ముందు దరఖాస్తు తీసుకోరు, కాబట్టి మే మధ్యలో వెళ్లేవాళ్లు నవంబర్ మధ్య నుంచి పెట్టవచ్చు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. వేలిముద్రలు ఇవ్వడానికి ముంబై లాంటి పెద్ద నగరానికి స్వయంగా వెళ్లాలి. ఆ రైలు టికెట్లు అందరికీ ఒకే రోజుకు చేస్తాను, కాగితాలు పట్టుకుని దుకాణానికి రండి.