‘2 శాతం’ వార్తతో పాటు ఈ వివరాలూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విశాఖ పేజీల్లో ‘ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవారు’ అన్న వార్త వస్తుంది. సంతోషించాల్సిన వార్తే. కానీ అది ఏ జాబితా, ఏ డేటాబేస్, ఏ తేదీ నాటి లెక్క అన్నది చాలాసార్లు అందులో ఉండదు. ఆ మూడూ లేని అంకెతో పాఠకుడికి ఏ ప్రయోజనమూ లేదు.

దాన్ని ‘స్టాన్‌ఫర్డ్ ర్యాంకు’ అని రాయడమూ సరికాదు. ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు పరిశోధన వ్యాసాల డేటాబేస్ అయిన స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా అది. అందులో రెండు రకాలున్నాయి: మొత్తం వృత్తి జీవితానికి ఒకటి, ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లకు (ఇతర వ్యాసాలు ఉదహరించిన సార్లకు) మరొకటి. మొదటిదానిలో పేరుండటం, రెండోదానిలో ఉండటం ఒకటి కాదు. స్కోరులో ఆరు అంశాలుంటాయి. వాటిలో మూడు, ఒంటరి, మొదటి, చివరి రచయితగా రాసిన వ్యాసాలకు సంబంధించినవి. అందుకే వందలమంది కలిసి రాసిన వ్యాసంలో నడిమధ్య పేరున్నవారికి వేల సైటేషన్లు వచ్చినా స్కోరు ఆ మేరకు పెరగదు. ఇది మంచి పద్ధతే.

హెచ్-ఇండెక్స్ సంగతి వేరు. కనీసం అయిదేసి సైటేషన్లు వచ్చిన వ్యాసాలు అయిదు ఉంటే హెచ్ 5, ఆరేసి వచ్చినవి ఆరు ఉంటే హెచ్ 6. భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలతను కాగితం మీదే తేల్చవచ్చు. ఒకరి తొమ్మిది వ్యాసాలకు, ఎక్కువ నుంచి తక్కువకు, 42, 20, 11, 7, 6, 4, 2, 1, 0 సైటేషన్లు ఉన్నాయనుకుందాం. అయిదో వ్యాసానికి 6 ఉన్నాయి, ఆరోదానికి 4 మాత్రమే. కాబట్టి హెచ్ 5. మొదటిదానికి 42 బదులు 4,200 వచ్చినా హెచ్ అయిదే. అదే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఇంకా ఎక్కువ కనిపించవచ్చు. అది థీసిస్‌లను, ప్రీప్రింట్లను (జర్నల్‌లో రాకముందే బయటపెట్టే వ్యాసాలను) కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక అభ్యర్థి అంకె స్కాలర్ నుంచి, మరొకరిది స్కోపస్ నుంచి తెచ్చి పక్కపక్కన పెట్టడం అన్యాయం. ‘హెచ్ 5, స్కోపస్, ఫలానా తేదీ’ అని అచ్చువేస్తే పోయేదేమీ లేదు.

అసలు చిక్కు మన పేర్లలో ఉంది. కోనేరు వెంకటరావు అనే వ్యక్తి, వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో ‘రావు కేవీ’గా, ‘వెంకటరావు కే’గా, ‘కోనేరు వీఆర్’గా మూడు చోట్ల ఉండవచ్చు. ‘రావు కేవీ’ అని వెతికితే ఊరూరా ఉన్న అదే పేరువాళ్లంతా వస్తారు. పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు 2002 నుంచే ఉన్నాయి. అంతకు ముందువి ఇనిషియల్సే. చిరునామాతో వడపోద్దామంటే, 2014కు ముందు రికార్డుల్లో సాధారణంగా మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఉంటుంది. పైగా మన ఊరి పేరు ఇంగ్లిషులో ఒకే తీరుగా ఉండదు: ‘ఎస్’ పక్కన ‘హెచ్’ ఉన్నది, లేనిది, వైజాగ్, పాత వ్యాసాల్లో వాల్తేరు. నాలుగింటితోనూ వెతకాలి. ఆంధ్ర మెడికల్ కాలేజీ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పేర్లను విడివిడిగా కొట్టి చూడాలి.

దీనికి మందు ఆర్కిడ్. పరిశోధకుడికి ఇచ్చే 16 అంకెల ఆ గుర్తింపు సంఖ్య 2012 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ముందు అది తీసుకోవాలి. స్కోపస్‌లో చెల్లాచెదురైన ప్రొఫైళ్లను కలిపేయమని కోరి, ఆర్కిడ్‌కు జతచేయాలి. స్కాలర్‌లో మాత్రం వ్యాసాలు వాటంతటవే చేరే ఏర్పాటును ఆపి, ‘ముందు నన్నడుగు’ అన్నదాన్ని ఎంచుకోవాలి. లేదంటే మరో రావుగారి వ్యాసాలు వచ్చి చేరతాయి, హెచ్ ఊరికే పెరుగుతుంది.

ఇక సైటేషన్ల సంఖ్యను అర్థం చేసుకోవడం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం పరీక్ష వ్యాసాన్ని వేలమంది ఉదహరించారు. ప్రొటీన్ కొలిచే లౌరీ పద్ధతి వ్యాసానికి, 1951 నాటిది, మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. ల్యాబులో రోజూ వాడే పద్ధతిని వివరించిన వ్యాసాలకు ఇలా వస్తాయి. వాటి పక్కన ఒక అరుదైన జబ్బు మీద రాసిన వ్యాసాన్ని పెట్టి ‘తక్కువ’ అనడానికి లేదు. ఈ తేడాను సరిదిద్దడానికే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ‘ఐసైట్’ అనే ఉచిత సాధనాన్ని నడుపుతోంది. పబ్‌మెడ్ నంబర్లు ఇస్తే ఒక్కో వ్యాసానికీ దాని రంగాన్ని, ప్రచురణ ఏడాదిని పరిగణించి స్కోరు చెబుతుంది. ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన వ్యాసాల మధ్యస్థ స్థాయి అందులో 1.0. పబ్‌మెడ్‌లో లేని వ్యాసానికి స్కోరు రాదు, అది దాని పరిమితి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషికి అంటగట్టవద్దని మనవి. అది జర్నల్‌కు చెందినది: అందులో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెబుతుంది. కొద్ది వ్యాసాలే దాన్ని పైకి లాగుతాయి, మిగతావాటికి అంత రాదు. అసలైనది క్లారివేట్ అనే కంపెనీ ఏటా ఇచ్చేది మాత్రమే. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నళ్లు దాన్ని పోలిన పేర్లతో అంకెలు పెట్టుకుంటాయి. ఇంకో మాట. ఒక వ్యాసం పబ్‌మెడ్‌లో కనిపించినంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో, అంటే పబ్‌మెడ్‌లో భాగమైన ఎంపిక చేసిన జర్నళ్ల జాబితాలో, ఉన్నట్టు కాదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్‌ఎల్‌ఎమ్) కేటలాగ్‌లో జర్నల్ పేరు కొడితే ఆ సంగతి తేలిపోతుంది.

ఉపసంహరించిన వ్యాసాలకు కూడా సైటేషన్లు వస్తూనే ఉంటాయి. అలాంటి వ్యాసాలను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ 2023 నుంచి క్రాస్‌రెఫ్ అనే సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా అందుతోంది. ఫొటో వేసేముందు ఆ పేరు అందులో ఒక్కసారి వెతకమని మీ విలేకరులకు చెప్పండి.

– వైద్య గ్రంథాలయ సిబ్బంది, మహారాణిపేట, విశాఖపట్నం