అమెరికాలో శాఖల రద్దు కాంగ్రెస్ చేతిలోనిది

సంపాదకులకు,

అమెరికా ఫెడరల్ విద్యాశాఖ మూసివేతకు చర్యలు చేపట్టాలంటూ అధ్యక్షుడు ట్రంప్ 2025 మార్చిలో ఉత్తర్వుపై సంతకం చేసినప్పటి నుంచి, ఆ శాఖ రద్దయిపోయినట్టే రాస్తున్న వార్తలు, వ్యాఖ్యలు తెలుగులో తరచూ కనిపిస్తున్నాయి. ఇది పెద్ద పొరపాటు. ఆ దేశంలో శాఖను ఏర్పాటు చేసేదీ, విడదీసేదీ, రద్దు చేసేదీ కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) చేసే చట్టమేనని 1789 నుంచి నడిచిన చరిత్ర అంతా చెబుతోంది.

అమెరికా రాజ్యాంగం శాఖలను పేర్కొనలేదు. శాఖాధిపతుల నుంచి అధ్యక్షుడు లిఖితపూర్వకంగా అభిప్రాయం కోరవచ్చని మాత్రం అన్నది. విదేశాంగ, యుద్ధ, ఆర్థిక శాఖలను తొలి కాంగ్రెస్ 1789 జులై, సెప్టెంబరు మధ్య వేర్వేరు చట్టాలతో ఏర్పాటు చేసింది. శాఖాధిపతిని తొలగించే అధికారం ఎవరిదన్న వివాదం అప్పుడే తలెత్తగా, కాంగ్రెస్ ఎగువసభ అయిన సెనేట్‌లో ఓట్లు సమానమై, ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ వేసిన ఓటుతో అది అధ్యక్షుడి పక్షాన తేలింది. అంటే శాఖాధిపతిని ఇంటికి పంపే వీలు అధ్యక్షుడికి దక్కింది గానీ, శాఖనే ఎత్తివేసే వీలు దక్కలేదు. ఇప్పటి వార్తల్లో చెరిగిపోతున్నది సరిగ్గా ఈ తేడాయే.

కొత్త శాఖ పెట్టడం కూడా అక్కడ తేలిగ్గా జరిగిన పని కాదు. దేశీయ వ్యవహారాల శాఖనే చూడండి. ప్రభుత్వ భూముల కార్యాలయం ఆర్థికశాఖ కింద, ఆదివాసీ తెగల వ్యవహారాలు యుద్ధశాఖ కింద, పేటెంట్లు విదేశాంగశాఖ కింద ఉన్న రోజుల్లో, ఆర్థికమంత్రి రాబర్ట్ వాకర్ తన పదవీకాలంలో భూమి హక్కులకు సంబంధించిన ఐదు వేలకు పైగా కేసుల్లో తానే తీర్పు చెప్పవలసి వచ్చిందని కాంగ్రెస్‌కు నివేదించి, వీటన్నిటికీ వేరే శాఖ ఉండాలని కోరారు. కేంద్రం చేతిలో అధికారం పోగుపడుతుందని సెనేటర్ జాన్ కాల్హౌన్ వంటివారు గట్టిగా వ్యతిరేకించారు. చివరకు 1849 మార్చి 3న, అధ్యక్షుడు పోక్ పదవీకాలం ముగుస్తున్న వేళ, ఆ బిల్లు చట్టమైంది.

రద్దులు, విభజనలు కూడా ఇదే దారిలో జరిగాయి. 1903లో ఏర్పడిన వాణిజ్య, కార్మిక శాఖను 1913లో రెండుగా విడదీసినా, యుద్ధ, నౌకాదళ శాఖలను 1947, 1949 చట్టాలతో రక్షణ వ్యవస్థలో కలిపినా, తపాలాశాఖను 1970 చట్టంతో మంత్రివర్గం నుంచి బయటకు పంపినా, ఆ పని చేసింది కాంగ్రెసే. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖను పునర్వ్యవస్థీకరణ ప్రణాళిక (శాఖలను మార్చేందుకు అధ్యక్షుడు కాంగ్రెస్‌కు పంపే ప్రతిపాదన) ద్వారా ఏర్పాటు చేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అలాంటి ప్రణాళిక పంపే అధికారమే కాంగ్రెస్ చట్టం ద్వారా ఇచ్చినది, పైగా ఆ ప్రణాళికకు ఉభయసభలు ఉమ్మడి తీర్మానంతో ఆమోదం తెలిపాయి.

విద్యాశాఖ 1979లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో పుట్టి, మరుసటి ఏడాది పని మొదలుపెట్టింది. దాన్ని ఎత్తివేస్తానని 1980 ఎన్నికల్లో మాట ఇచ్చిన రీగన్, అధ్యక్షుడిగా ఎనిమిదేళ్లు పాలించినా కాంగ్రెస్‌ను ఒప్పించలేకపోయారు. పైగా మాజీ సైనికుల వ్యవహారాలకు శాఖ హోదా ఇచ్చే చట్టంపై 1988లో సంతకం చేసినది ఆయనే.

రక్షణశాఖను ‘యుద్ధశాఖ’గా వ్యవహరించాలన్న 2025 సెప్టెంబరు ఉత్తర్వు సైతం దాన్ని రెండో పేరుగానే అనుమతించింది, ఎందుకంటే అసలు పేరు చట్టంలో ఉంది.

విద్యాశాఖలో సిబ్బందిని తగ్గించడం, పనులను ఇతర శాఖలకు మళ్లించడం పిల్లల చదువులపై నేరుగా ప్రభావం చూపే విషయాలు గనుక వాటిని వివరంగా రాయవలసిందే. ‘రద్దు’ అన్న మాటను మాత్రం కాంగ్రెస్ చట్టం చేసేవరకూ వాడవద్దని మనవి. అలాంటి సాధారణ బిల్లుపై సెనేట్‌లో చర్చను ముగించి ఓటింగుకు తేవడానికే 60 మంది మద్దతు కావాలన్న సంగతి కూడా పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు