ఎర్రోడి సంగతి

ఒరే బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, జవాబు రాయలేదు. క్షమించరా. పత్తి ఒక ఏరుడు అయింది, అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, ఆ అప్పు సంగతి మళ్లీ రాస్తా. ముందు మా ఎర్రోడి గురించి చెప్పాలి.

నాయిన పోయే ముందు పొదగేసిన 11 గుడ్లలో, కొక్కెర రోగానికి పోయినవి పోగా మిగిలిన పుంజు వాడొక్కడే. ఎనిమిది నెలలొచ్చాయి. పోయిన నెల అమ్మ పొదుగు కోడిని గంపలోంచి ఎత్తితే అది కీచుమంది. అంతే, వెనకనుంచి ఎగిరి అమ్మ పిక్క మీద తన్నాడు. కాలి ముల్లు దిగి రక్తం కారింది. రెండు రోజులకు మా చిన్నది నూకలు చల్లబోతే చెంప గీరాడు, కంటికి వేలెడు కింద! టీటీ సూది వేయించాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదురా. బావ కత్తి నూరాడు. నేనూ సరేననబోయా. కానీ నాయిన గంప...

తెల్లారి దొడ్లో మంచమేసుకుని పొద్దంతా చూశా. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలుండాలి. మావి ఐదు పెట్టలు, సంతలో కొన్న తెల్లదానితో కలిపి పుంజులు రెండు. పుంజులు పదేపదే ఎక్కడంతో పెట్టల వీపుల మీద ఈకలూడి తోలు కనబడుతోంది. తెల్లది దగ్గరికొస్తే చాలు, ఎర్రోడు ఉరుకుతాడు. దినమంతా అదే కాపలా. ఇంకో సంగతి, బావ కొడుకు వస్తూ పోతూ వాణ్ని కాలితో తన్ని, తిరగబడితే నవ్వుతూ పరుగెత్తుతున్నాడు. తన్నితే పుంజుకు కొట్లాటకు పిలిచినట్టు, పరుగెత్తితే తనే గెలిచినట్టు. అంటే వాడికి మనమే నేర్పాం కదరా!

తెల్లదాన్ని దేవరకొండ అత్తమ్మకిచ్చా, ఆమెకు పన్నెండు పెట్టలున్నాయి. పిల్లల్ని దొడ్లోకి రానివ్వలేదు. ముళ్ల మొనలు మాత్రం ఆకురాయితో అరగదీశా, లోపల రక్తం ఉంటుంది కాబట్టి మొదలు ముట్టలేదు. రోజూ చీకటి పడ్డాక, కోళ్లకు చూపు ఆననప్పుడు, గూట్లోంచి మెల్లగా తీసి, రెక్కలు అదిమి చంకలో పెట్టుకుని పది నిమిషాలు తిరిగేవాణ్ని. వాడి గుండె నా చేతికి తగిలేది. పగలు మీదికొస్తే, పొలం బూట్లేసుకుని, వెనక్కి పోకుండా, చెయ్యెత్తకుండా నిలబడ్డా. సాగర్ కట్ట మీద కుక్క సంగతి గుర్తుందా? అచ్చం అలాగే! మొదటి వారం రోజూ దూకాడు. ఎంత టెన్షనో.

మొన్న బుధవారం ఒక రెక్క వాల్చి, అడ్డంగా అడుగులేస్తూ నా చుట్టూ తిరిగాడు. నేను కదల్లేదు. వాడే ఆగాడు. తల వంచి, గింజ లేని చోట మట్టి పొడవడం మొదలుపెట్టాడు! కాసేపటికి నిజంగానే సజ్జగింజ దొరికితే, తను తినకుండా కొక్కొక్కొమని పెట్టల్ని పిలిచాడు. నాయిన కూడా సంత నుంచి ఏది తెచ్చినా ముందు మా అందరికీ పెట్టి... సరేలే.

చిన్నదాన్ని మాత్రం ఇంకా దొడ్లోకి పంపడం లేదు. మళ్లీ పిల్ల మీదికొస్తే ఉంచనని అమ్మకు మాటిచ్చా. నువ్వు సంక్రాంతికి వస్తావు కదా, వాడి ముందు గబగబా నడవకు, వాడు చూస్తుండగా పెట్టను పట్టుకోకు. ఇంకా ఆ—

పాల బండి వచ్చింది, ఉత్తరం వాళ్ల చేతికివ్వాలి. ఉంటాన్రా.